చెప్పుకొనరాని వ్యాధి

మనుష్యునకు వచ్చు వ్యాధులలో కొన్ని నలుగురితో చెప్పుకొనదగినవి, కొన్ని చెప్పుకొనరానివి. జ్వరము వచ్చినవానిని ఇరుగుపొరుగువారు వచ్చి పలుకరింతురు. కాలు విరిగినవానికి పుత్తూరు కట్టు కట్టించుమని దారిని పోవువాడు సైతము సలహా చెప్పును. కాని దాంపత్య సుఖమునకు ఆధారమైన శక్తి పురుషునియందు సన్నగిల్లినప్పుడు అతడు అన్నదమ్ములతో చెప్పడు, మిత్రునితో చెప్పడు, వైద్యునితోను చెప్పడు. పెక్కు సందర్భములలో కట్టుకొన్న భార్యతోనే చెప్పడు. ఈ మౌనము నేటిది కాదు. దీనికి సుదీర్ఘమైన చరిత్ర కలదు. అంగస్తంభన లోపమునకు కారణమేమని ఏయే కాలములయందు మానవులు ఏమేమి తలచిరో, దాని నివారణకై ఎవరెవరి గడప త్రొక్కిరో పరిశీలించినచో, ఆ మౌనమునకు లోకము చెల్లించిన మూల్యమెంతటిదో తెలియగలదు.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. సంస్కృతమున ఈ స్థితికి క్లైబ్యమని పేరు. కురుక్షేత్రమున అర్జునుడు విల్లు జారవిడిచి కూలబడినప్పుడు, అతని దైన్యమును నిందించుటకు శ్రీకృష్ణుడు వాడినదియు ఈ పదమే. అనగా శరీరమునకు వచ్చిన లోపమునకును, మనసునకు వచ్చిన పిరికితనమునకును ఒకే మాట చెల్లినది. తెలుగున నపుంసకుడను మాట వ్యాధి పేరుగా గాక తిట్టుగానే ఎక్కువగా వినబడును. కంటికి పొర కమ్మినవానిని మనము పిరికివాడనము. మధుమేహము వచ్చినవానిని చేతకానివాడనము. ఈ ఒక్క వ్యాధి విషయమున మాత్రము పేరే నింద యైనది. రోగి నోరు మెదపకుండుటకు మొదటి కారణము ఇదియే.

అయినను మన ప్రాచీన వైద్యులు ఈ విషయమును చర్చించుటకు వెనుదీయలేదు. ఆయుర్వేదమునకు గల ఎనిమిది అంగములలో వాజీకరణము ఒకటి. చరకసంహిత చికిత్సాస్థానము 30వ అధ్యాయమున క్లైబ్యము నాలుగు విధములుగా విభజింపబడినది. బీజమునకు కలిగిన హానివలన వచ్చునది ఒకటి. అవయవమునకు కలిగిన హానివలన వచ్చునది రెండవది. వార్ధక్యమువలన వచ్చునది మూడవది. శుక్రక్షయమువలన వచ్చునది నాలుగవది. సుశ్రుతసంహిత ఆరు విధములను పేర్కొనినది. వానిలో మొట్టమొదటిది మానసము. మనసునకు నచ్చని పరిస్థితులయందు, అప్రియమైన తలపులచేత మనసు గాయపడినప్పుడు, శరీరమున ఏ దోషము లేకపోయినను ఈ స్థితి కలుగునని ఆ గ్రంథకర్త భావము. వారు చెప్పిన ఔషధములన్నియు నేటి పరీక్షకు నిలుచునని అనుటకు వీలులేదు. కాని ఇది శాపము కాదు, పాపము కాదు, కారణములు గల వ్యాధి యని వారు నిస్సంకోచముగా గ్రంథస్థము చేసిరి. అదియే వారి గొప్పతనము.

గ్రీసు దేశమునను ఇట్టి దృష్టియే కనబడును. హిప్పొక్రటీసు పేర ప్రచారమున నున్న ప్రాచీన గ్రంథములలో గాలిని, నీటిని, ప్రదేశములను గూర్చి చెప్పునది యొకటి కలదు. నల్లసముద్రమునకు ఉత్తరమున గుఱ్ఱములపై సంచరించు సిథియను జాతివారి ప్రస్తావన అందున్నది. ఆ జాతి పురుషులలో పలువురు ఈ శక్తిని కోల్పోవుచుండిరి. దేవతకు ఆగ్రహము కలిగినందున ఇట్లయినదని వారు నమ్ముచుండిరి. గ్రంథకర్త ఆ నమ్మకమును త్రోసిపుచ్చెను. ఏ వ్యాధియు మరియొకదానికంటె ఎక్కువ దైవికము కాదనియు, ప్రతిదానికిని ప్రకృతిసిద్ధమైన కారణము కలదనియు వాదించెను. దేవతాగ్రహమే అయినచో కానుకలీయలేని పేదలకు ముందుగా తగులవలెను గదా! కాని ఈ వ్యాధి ధనికులకే ఎక్కువగా వచ్చుచున్నది. ఏలయన, ఎడతెగక గుఱ్ఱపుస్వారి చేయువారు వారే. ఇది ఆయన తర్కము. ఆ కారణనిర్ణయము పూర్తిగా సరియైనదా కాదా యనునది వేరు ప్రశ్న. వెదకిన త్రోవ సరియైనది.

ఈ త్రోవ మధ్యయుగమున మూసికొనిపోయినది. మన గ్రామములలో నేటికిని కొందరు చేతబడి యనినట్లే, ఐరోపాలో పురుషుని అశక్తతకు మంత్రగత్తెలు ముడివేసిన త్రాడే కారణమని నమ్మిరి. 1487 ప్రాంతమున అచ్చుపడి, మంత్రగత్తెల వేటకు ఆధారగ్రంథమైన ‘మాలియస్ మాలెఫికారమ్’ ఈ విషయమును సవిస్తరముగా చర్చించినది. ఒక పురుషుడు తన బాధను బయటపెట్టినచో, దానికి ఫలముగా ఒక అమాయకురాలు నిందపాలగుటకును అవకాశముండెను. సిగ్గునకు భయము తోడైనది.

అటుపిమ్మట వ్యవహారము న్యాయస్థానములకు ఎక్కినది. కాథలిక్ మతధర్మము ప్రకారము వివాహబంధమును త్రెంచుట సాధ్యము కాదు. కాని భర్త అశక్తుడని రుజువైనచో ఆ వివాహము మొదటినుండియు చెల్లదని ప్రకటింపవచ్చును. రుజువు చేయుట ఎట్లు? ఫ్రాన్సు దేశమున 16వ శతాబ్దినుండి ఒక విచిత్రమైన పద్ధతి అమలులోనికి వచ్చినది. వైద్యులు, శస్త్రవైద్యులు, మంత్రసానులు సాక్షులుగా సమీపమున నుండగా, భార్యాభర్తలు ఏకశయ్యపై ఉండి భర్త తన సామర్థ్యమును నిరూపించుకొనవలెను. వాదప్రతివాదములతో ఒకరినొకరు ద్వేషించుచున్న దంపతులకు ఇట్టి పరీక్ష! ఇందు ఉత్తీర్ణుడు కాగలవాడెవడు?

ఆ కాలపు వ్యాజ్యములలో లాంజే మార్క్విసు అను ప్రభువు వ్యాజ్యము ప్రసిద్ధమైనది. అతడు పరీక్షలో విఫలుడయ్యెను. 1659లో అతని వివాహము రద్దయ్యెను. పారిసు నగరమంతయు నవ్వుకొన్నది. కాని కథ అంతటితో ముగియలేదు. ఆ ప్రభువే మరల వివాహమాడి ఏడుగురు బిడ్డలకు తండ్రి యయ్యెను. న్యాయస్థానము అశక్తుడని ముద్రవేసిన మనిషి యింటిలో ఏడు ఉయ్యెలలు ఊగినవి! తుదకు 1677లో పారిసు పార్లమెంటు అను ఉన్నత న్యాయస్థానము ఆ పరీక్షను నిషేధించెను. పరీక్ష యనెడు భయమే వ్యాధికి కారణము కాగలదని దీనివలన లోకము నేర్వవలసియుండెను. సుశ్రుతుడు మానసమని ఎప్పుడో చెప్పిన మాట అదియే గదా. కాని లోకము ఆ పాఠమును వెంటనే నేర్వలేదు.

19వ శతాబ్ది చివర విజ్ఞానశాస్త్రము ఈ రంగమున అడుగిడెను. మొదటి అడుగే తడబడినది. 1889 జూన్ 1వ తేదీన పారిసు జీవశాస్త్ర సంఘమున బ్రౌన్ సెకార్డు అను సుప్రసిద్ధ శరీరశాస్త్రవేత్త ఒక ప్రకటన చేసెను. అప్పటికాయన వయస్సు 72 సంవత్సరములు. కుక్కలయొక్కయు, గినీపందులయొక్కయు వృషణములనుండి తీసిన రసమును తన శరీరములోనికి ఎక్కించుకొంటిననియు, పోయిన బలము తిరిగివచ్చినదనియు ఆయన చెప్పెను. ఆయన నీటితో తీసిన ఆ రసమున పురుష హార్మోను ఉండుటకు వీలులేదని తరువాత తెలియవచ్చెను. అది నీటిలో కరగునది కాదు. ఆయన పొందినది నమ్మకము ఇచ్చిన బలము. ఆయన మోసగాడు కాడు. తన్ను తానే నమ్మి పొరపడిన పండితుడు. కాని ఆ పొరపాటు తలుపు తెరచినది. 1920లో వొరొనాఫ్ అను వైద్యుడు ఫ్రాన్సున కోతి వృషణముల ముక్కలను మనుష్యులకు అతుకుట ఆరంభించెను. వియన్నాలో స్టైనాఖ్ అను శాస్త్రజ్ఞుడు వీర్యవాహికను కట్టివేయు శస్త్రచికిత్సచే యౌవనము మరలునని ప్రచారము చేసెను. ఐరిష్ మహాకవి యేట్సు 1934లో తన 68వ ఏట ఆ శస్త్రచికిత్స చేయించుకొనెను. చదువు, ప్రతిభ, కీర్తి ఇవి ఏవియు మనుష్యుని ఈ ఆశనుండి తప్పింపజాలవు.

ఇక రేడియో గల ఇండ్లవారు ప్రత్యేకముగా తెలిసికొనదగిన కథ యొకటి కలదు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున మిల్‌ఫర్డ్ అను చిన్న గ్రామమునకు 1917లో జాన్ బ్రింక్లీ అనునతడు వైద్యుడై వచ్చెను. మేకపోతు వృషణములను పురుషుని శరీరమున అమర్చినచో పోయిన శక్తి మరలివచ్చునని అతడు ప్రకటించెను. ఒక్క శస్త్రచికిత్సకు అతడు పుచ్చుకొన్నది 750 డాలర్లు. ఆ దినములలో అది సామాన్య రైతు నెలల తరబడి కష్టించినను కూడబెట్టలేని ధనము. వైద్యశాస్త్ర దృష్టిలో ఆ చికిత్సకు ఏ ఆధారమును లేదు. ఒక జంతువు కణజాలమును మనుష్య శరీరము తనదిగా స్వీకరింపదు. దానిని పరాయిదిగా నెంచి నశింపజేయును. గాయములు చీముపట్టి బాధపడినవారు, ప్రాణములు కోల్పోయినవారు సైతము ఉండిరి.

అయినను జనము ఎందుకు వెల్లువగా వచ్చిరి? 1923లో బ్రింక్లీ తన సొంత రేడియో కేంద్రమును నెలకొల్పెను. సంగీతము, మతోపన్యాసములు, వ్యవసాయ వార్తలు, వాని నడుమ అతని ప్రసంగములు! తరువాత శ్రోతల ఉత్తరములను చదివి, వారిని చూడకయే వ్యాధి నిర్ణయించి, అంకెల గుర్తులతో మందులు చెప్పు కార్యక్రమమును నడపెను. ఆ అంకె చెప్పినచో ఊరి మందుల దుకాణమున ఆ మందు దొరకును. లాభములో అతనికి భాగముండెడిది. దీని మర్మమును మనము గ్రహింపవలెను. ఎదుటివారికి ముఖము చూపలేని మనిషి ఇంటిలోనికి తలుపు తట్టకుండ ప్రవేశింపగల గొంతు రేడియో. వైద్యుని యెదుట నోరు పెగలనివాడు ఆ గొంతును ఏకాంతమున వినగలడు. బ్రింక్లీ అమ్మినది మేక వృషణములు కావు. తన కష్టమును ఇంకొకరికి చెప్పనక్కర లేకయే తీర్చుకొనవచ్చునను ఆశ.

1930లో కాన్సస్ వైద్యమండలి అతని వైద్యాధికారమును రద్దుచేసెను. ఆ సంవత్సరమే రేడియో కమిషను అతని కేంద్రమునకు అనుమతి పొడిగించుటకు నిరాకరించెను. అతడు సరిహద్దు దాటి మెక్సికోలో అంతకంటె బలమైన కేంద్రమును స్థాపించి, అచ్చటినుండి తిరిగి అమెరికాకే ప్రసంగించెను. అమెరికా వైద్యసంఘ పత్రిక సంపాదకుడగు మారిస్ ఫిష్‌బైన్ తన్ను దొంగవైద్యుడని వ్రాసెనని అతనిపై పరువునష్టపు దావా వేసెను. 1939లో టెక్సాసు న్యాయస్థానమున జూరీ ఫిష్‌బైన్ పక్షముననే తీర్పు చెప్పెను. ఆ తీర్పుతో బ్రింక్లీ పతనమారంభమైనది. 1941లో దివాలా తీసి, మరుసటి సంవత్సరము మరణించెను. ఇందులో రేడియో దోషము లేదు. రోగుల సిగ్గు అతనికి పెట్టుబడి. వైద్యుల మౌనము అతనికి రాచబాట.

ఇంతలో నిజమైన శాస్త్రము నెమ్మదిగా ముందునకు సాగుచుండెను. 1935లో పురుష హార్మోనగు టెస్టోస్టెరోను వేరుచేయబడి, ఆ సంవత్సరమే ప్రయోగశాలలో కూర్పబడెను. ఆ కృషికి సంబంధించి బుటెనాంట్, రుజిచ్కా యను శాస్త్రజ్ఞులకు 1939 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించెను. కాని ఈ బాధతో వచ్చువారిలో అధికసంఖ్యాకులకు హార్మోను లోపము లేదని అనుభవము చూపినది. అప్పుడు లోలకము రెండవ వైపునకు ఊగెను. అంతయు మనసునందే యున్నదను వాదము బలపడెను. 1970లో అమెరికను పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ అనువారు దంపతుల సమస్యలను గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించిరి. ఏకాంతమున పురుషుడు తన్ను తానే పరీక్షకునివలె గమనించుకొనుట, విఫలుడనగుదునేమోయని భయపడుట వైఫల్యమును కొనితెచ్చునని వారు చూపిరి. లాంజే ప్రభువునకు న్యాయస్థానము పెట్టిన పరీక్షను ప్రతి పురుషుడు తనకు తానే పెట్టుకొనుచున్నాడన్నమాట.

కాని మనసే సర్వస్వము కాదు. 1982లో పారిసు శస్త్రవైద్యుడు విరాగ్, రక్తనాళములను సడలించు మందును సూదితో నేరుగా అవయవమునకు ఎక్కించినచో స్తంభన కలుగునని నిరూపించెను. 1983లో అమెరికాలోని లాస్ వేగాసున వైద్యుల మహాసభలో బ్రిటిషు శాస్త్రజ్ఞుడు బ్రిండ్లీ అట్టి మందును ముందుగా తనకే ఎక్కించుకొని వచ్చి, దాని ఫలితమును సభవారికి ప్రత్యక్షముగా చూపెను. మూడు శతాబ్దులకు పూర్వము వైద్యుల సమక్షమున ఒక పురుషుడు బలవంతముగా పరీక్షింపబడి అవమానితుడయ్యెను. ఇప్పుడొక శాస్త్రజ్ఞుడు ఇతరుల సిగ్గును తొలగించుటకు తన సిగ్గును తానే విడిచెను.

ఆ వెనుక అసలు యంత్రాంగము తేటపడినది. మెదడునుండి, నరముల ద్వారా సంకేతము అందగనే అవయవములో నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు పుట్టును. అది రక్తనాళముల చుట్టునుగల మృదుకండరములను సడలించును. రక్తము లోనికి ప్రవహించి అచ్చటి సూక్ష్మ కోశములు నిండును. ఆ ఒత్తిడిచే రక్తము వెలుపలికి పోవు సిరలు మూసికొనును. నైట్రిక్ ఆక్సైడ్ శరీరమున చేయు పనిని కనుగొన్నందులకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురకు 1998లో నోబెల్ బహుమతి లభించెను. ఆ సంవత్సరము మార్చి 27వ తేదీననే సిల్డెనాఫిల్ అను మాత్రను అమెరికా ప్రభుత్వము ఆమోదించెను. ఇంగ్లండున గుండెనొప్పికై పరీక్షింపబడుచుండిన ఆ మందు గుండెకు ఆశించినంత మేలు చేయలేదు. కాని దానిని పుచ్చుకొన్నవారిలో ఈ అనుకోని ఫలితము కనబడెను.

ఈ మాత్రకంటె విలువైన మార్పు అంతకు ముందే జరిగినదని నా అభిప్రాయము. 1992లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల ఆధ్వర్యమున సమావేశమైన నిపుణులు, శక్తిహీనత యను అర్థము గల పాతపేరును విడిచి, స్తంభన లోపమను అర్థము గల పేరును వాడవలెనని సూచించిరి. మొదటి పేరు మనిషిని దూషించును. రెండవది అవయవము చేయవలసిన పనిలోని లోపమును మాత్రమే తెలుపును. 1994లో ప్రకటితమైన మసాచుసెట్స్ పరిశీలనలో 40 మొదలు 70 సంవత్సరముల వయస్సు గల పురుషులలో నూటికి 52 మందికి ఏదో యొక మేరకు ఈ లోపమున్నట్లు తేలినది. సగముమందికి పైగా అనుభవించు దానిని ఒక్కొక్కడు తన ఒక్కనికే వచ్చినదని తలచి కుమిలిపోవుట ఎంత విషాదకరము!

కారణములు నేడు స్పష్టముగా తెలిసినవి. మధుమేహము, రక్తపుపోటు, రక్తమున కొవ్వు, చుట్ట, బీడీ, సిగరెట్టు, మితిమీరిన మద్యపానము, నరములకు తగిలిన దెబ్బలు, కొన్ని శస్త్రచికిత్సలు, రక్తపుపోటుకును మానసిక వ్యాకులతకును వాడు కొన్ని మందులు, అరుదుగా హార్మోను లోపము, వీనికి తోడు దిగులు, భయము, దంపతుల నడుమ పొరపొచ్చెములు. ఒక్కొక్కనియందు రెండు మూడు కారణములు కలసియుండుటయు కద్దు. వీనిలో రక్తనాళముల సంగతి మిక్కిలి ముఖ్యమైనది. గుండెకు రక్తమందించు నాళములకంటె ఈ అవయవపు నాళములు సన్ననివి. కావున నాళములు పూడుకొనునప్పుడు ఆ లక్షణము ముందుగా ఇచ్చటనే బయటపడవచ్చును. గుండెనొప్పి కొన్ని సంవత్సరముల తరువాత రావచ్చును. అనగా సిగ్గుతో దాచిపెట్టిన ఈ లోపము, గుండె ముందుగా పంపిన హెచ్చరిక కావచ్చును. దానిని దాచినవాడు తన పరువును కాపాడుకొనుచున్నానని తలచి తన ప్రాణమునే పణముగా పెట్టుచున్నాడు.

మన దేశమున బ్రింక్లీ వారసులకు కొదువ లేదు. బస్సుస్టాండు గోడలమీద, రైలు పట్టాల ప్రక్కన, నరముల బలహీనతకు శాశ్వత పరిష్కారమని వ్రాయబడిన ప్రకటనలను చూడనివారు అరుదు. ఫలానా తేదీన ఫలానా లాడ్జీలో ఉందుమని చెప్పి వచ్చి, డబ్బు పుచ్చుకొని వెడలిపోవువారును కలరు. వారు ముందు భయమును అమ్ముదురు, పిదప మందును అమ్ముదురు. శుక్రనష్టమువలన శరీరము క్షీణించునను భయముతో బాధపడు యువకుల స్థితిని మనోవైద్యుడు ఎన్. ఎన్. విగ్ 1960లో ధాతు సిండ్రోమ్ అని పేర్కొనెను. వారి బాధకు మూలము చాలవరకు ఆ భయమే. సంభోగశక్తిని పెంచునని మందులకు ప్రకటనలు చేయుటను 1954లో చేయబడిన మందుల, మాయచికిత్సల చట్టము నిషేధించినది. చట్టము గోడమీది వ్రాతను చెరపగలదు గాని, ఆ వ్రాతవంక దొంగచూపు చూచువాని సిగ్గును చెరపజాలదు.

మరి ఏమి చేయవలెను? ఒకటి రెండుమారులు విఫలమైనంతమాత్రమున అది వ్యాధి కాదు. అలసటవలనను, దిగులువలనను ఎవరికైనను అట్లు జరుగును. కొన్ని నెలలుగా అట్లే యున్నచో, నమ్మకమైన వైద్యునికడకు పోయి సూటిగా చెప్పవలెను. ఆయన దీనిని ఇంతకుముందు ఎందరి నోటనో వినియుండును. నిద్రలో, వేకువజామున స్తంభన సహజముగా కలుగుచున్నదా యని ఆయన అడుగును. కలుగుచున్నచో కారణము మనసున ఉండుటకు అవకాశమెక్కువ. రక్తపుపోటును, రక్తమున చక్కెరను, కొవ్వును పరీక్షించును. వాడుచున్న మందులను విచారించును. అవసరమైనచో మూత్రాంగ నిపుణునికడకో మనోవైద్యునికడకో పంపును. రక్తపుపోటు మందే కారణమేమోయని అనుమానించి రోగి దానిని తనంతట తాను మానరాదు. వైద్యుడు దానిని మార్చగలడు. గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడువారు సిల్డెనాఫిల్ వంటి మాత్రలను ముట్టరాదు. ఆ రెండును కలసినచో రక్తపుపోటు ప్రాణాపాయకరముగా పడిపోవును. అందుచే చీటీ లేకుండ దుకాణమున చాటుగా కొని మ్రింగుట కూడని పని. భార్యను వెంటబెట్టుకొని పోగలిగినచో మరియు మేలు. చాల ఇండ్లలో ఆమె ఈ మౌనమును తనపై అయిష్టమని భ్రమించి లోలోన కుమిలిపోవుచుండును.

సుశ్రుతుడు దీనిని వ్యాధి యనెను; హిప్పొక్రటీసు సంప్రదాయమువారును వ్యాధి యనిరి. నడుమ వచ్చినవారు మంత్రమనిరి, నేరమనిరి, అవమానమనిరి. తిరిగి వ్యాధి యను మాటకు చేరుకొనుటకు లోకమునకు రెండువేల యేండ్లు పట్టినది. ఒక మనిషికి మాత్రము అంత కాలము పట్టనక్కర లేదు. వైద్యుని గది తలుపు మూసి, ఎదుట కూర్చుండి, ఒక్క వాక్యము పలికినచో చాలును.